స్పైడర్‌మ్యాన్ చెప్పాల్సిందా... వద్దా?

శుక్రవారం. డ్యూటీ లేదు. పొద్దున బట్టలు ఉతుక్కుని ఆరేశాం. మధ్యాహ్నం మెస్‌లో కోడికూర తిని కాసేపు నడుం వాల్చాం. సాయంత్రం మా గదిలో ఆరుగురం కలిసి ఓ సినిమా చూశాం. సినిమా రెండున్నర గంటలే. దాని మీద మొదలైన పంచాయితీ మాత్రం రాత్రి పదిన్నర దాకా తెగలేదు. పక్క గదివాళ్ళు ఏదో గొడవ జరుగుతోందని రెండుసార్లు తలుపు కొట్టారు. ఎందుకు అరుస్తున్నామో చెబితే నవ్వి, వాళ్ళూ లోపలికొచ్చి కూర్చున్నారు!

మేముండేది ఖతార్‌లో, దోహా ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో. మేం చూసింది 2021 డిసెంబరులో విడుదలైన ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’, తెలుగు డబ్బింగ్. సాలెపురుగు మనిషి కథ కోసం పొద్దున నాలుగింటికి లేచి బస్సెక్కే మనుషులు అంతసేపు కొట్టుకోవడమేమిటని మీరు అడగొచ్చు. మేమూ మొదట సరదాకే మొదలుపెట్టాం. చివరికి అది ఎక్కడ తేలిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాం.

కథ తెలియనివారి కోసం...

పీటర్ పార్కర్ అనే కుర్రాడు న్యూయార్క్‌లో ఉంటాడు. తల్లిదండ్రులు లేరు. పెంచింది మే. బాబాయి భార్య కాబట్టి మన లెక్కలో పిన్ని. పీటరే స్పైడర్‌మ్యాన్ అన్న రహస్యాన్ని ముందు భాగం చివర్లో, అంటే 2019లో వచ్చిన సినిమాలో, ఒక విలన్ లోకానికంతా చాటేస్తాడు. దాంతో పీటర్‌కే కాదు, అతను ప్రేమించిన ఎంజేకి, స్నేహితుడు నెడ్‌కి కూడా పెద్ద కాలేజీలో సీటు రాకుండా పోతుంది.

తన వల్ల వాళ్ళకు అన్యాయం జరిగిందని పీటర్ బాధపడతాడు. డాక్టర్ స్ట్రేంజ్ అనే మంత్రగాడి దగ్గరికి పోయి, నేనే స్పైడర్‌మ్యాన్నని లోకం మర్చిపోయేలా మంత్రం వెయ్యమంటాడు. తీరా మంత్రం వేస్తుంటే మధ్యలో అడ్డుపడతాడు. ఎంజేకి మాత్రం గుర్తుండాలి, నెడ్‌కి గుర్తుండాలి, పిన్నికి గుర్తుండాలి అంటూ ఒక్కో పేరూ చేరుస్తూ పోతాడు. మంత్రం కాస్తా చెడిపోతుంది. పీటర్ పార్కర్ ఎవరో తెలిసిన పాత శత్రువులు వేరే లోకాల నుంచి ఊడిపడతారు.

పాత సినిమాలు చూసినవాళ్ళకు ఇక్కడే పండగ. 2002 నాటి గ్రీన్ గోబ్లిన్, 2004 నాటి డాక్టర్ ఆక్టోపస్ మళ్ళీ కనిపిస్తారు. తర్వాత పాత స్పైడర్‌మ్యాన్‌లు టోబీ మగ్వైర్, ఆండ్రూ గార్ఫీల్డ్ కూడా వచ్చి కొత్త కుర్రాడు టామ్ హాలండ్ పక్కన నిలబడతారు. ఆ సీనుకి మా గదిలో పడ్డ ఈలలకు వాచ్‌మన్ కూడా వచ్చి తొంగి చూశాడు.

మొదటి పంచాయితీ: తప్పు ఎక్కడ మొదలైంది?

మా గదిలో ఈ సినిమాలన్నీ కంఠతా పట్టినవాడు కోనసీమ కుర్రాడు. ఎలక్ట్రీషియన్ హెల్పర్. మొదటి రాయి వాడే వేశాడు.

“అసలు తప్పంతా మొదట్లోనే ఉందండీ. సీటు రాకపోతే కాలేజీవాళ్ళకి ఒక్క ఫోన్ చేసి అడగాలి కదండీ? అడగలేదు. తిన్నగా మంత్రగాడి దగ్గరికి పోయాడు. ఆ స్ట్రేంజే అడుగుతాడు కదండీ, ఫోన్ కూడా చెయ్యకుండా నా దగ్గరికొచ్చావా అని!”

నిజమే. ఆ మాటకు అందరం నవ్వాం. చిన్న ఫోన్‌తో పోయేదానికి లోకాలు తలకిందులయ్యాయి. కడప అన్న మాత్రం ఒప్పుకోలేదు. ఆయన క్యాంపు బస్సు డ్రైవరు. ఇంటి దగ్గర ఇంటర్ చదివే కొడుకున్నాడు.

“పిల్లోడు గదప్పా! ఆ వయసులో మనకు మాత్రం ఏం తెలుసు? తన కోసం పోలేదు గదా, వాళ్ళ కోసమే పోయినాడు.”

ఆ పంచాయితీ అక్కడితో సమసిపోయింది. అయితే కోనసీమ కుర్రాడు అన్న ఇంకో మాట మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. “లోకమంతా మర్చిపోయినా పర్లేదు గానీ తనవాళ్ళు ముగ్గురికీ తెలిసుండాలని అంత గోల చేశాడు కదండీ. ఆ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.”

రెండో పంచాయితీ: దుర్మార్గులకు వైద్యమా?

వచ్చిన శత్రువులు ఐదుగురు. వాళ్ళను వెనక్కి పంపితే స్పైడర్‌మ్యాన్‌తో పోరులో చచ్చిపోయేవాళ్ళు అందులో ఉన్నారు. పంపేద్దాం, ఎవరి రాత వాళ్ళదంటాడు స్ట్రేంజ్. పీటర్ వద్దంటాడు. వాళ్ళలో ఉన్న జబ్బు నయం చేసి పంపుదామంటాడు. అలా చెయ్యమని ప్రోత్సహించింది మే పిన్నే. ఆఖరికి గోబ్లిన్ చేతిలో ఆమె ప్రాణమే పోతుంది.

ఇక్కడ గది రెండుగా చీలిపోయింది. నిజామాబాద్ కాకా ఇరవై ఏళ్ళుగా ఇక్కడ స్టీల్ ఫిక్సరు. మంచం మీది నుంచే తీర్పు చెప్పేశాడు.

“పాముకు పాలు పోసిండు. కాటేసింది. ఇంకేంది?”

“అట్లెట్లంటవ్ కాకా?” అన్నాడు సిరిసిల్ల తమ్ముడు. షటరింగ్ కార్పెంటరు. వచ్చి మూడేళ్ళయింది. “ఆక్టోపస్ బాగైండు కదా. బాగై మల్ల ఆళ్ళ దిక్కే నిలబడ్డడు. అందరిని ఒక్క తీరు చూస్తే ఎట్ల?”

తమ్ముడి మాటలో న్యాయం ఉంది. ఐదుగురిలో ఒక్కడి వల్ల నష్టం జరిగిందని మిగతా నలుగుర్నీ చంపమనలేం. పైగా పిన్నిని చంపిన గోబ్లిన్‌ని చివర్లో పీటర్ చంపబోతుంటే అడ్డుగా నిలబడేది పాత స్పైడర్‌మ్యాన్ టోబీ మగ్వైర్. ఆ పోరులో కత్తిపోటు తిన్నదీ ఆయనే. మాటల్లేకుండా ఆపిన ఆ చూపు చూసి కాకా కూడా “ఆ పెద్దోడు మంచిగ చేసిండు” అని ఒప్పుకున్నాడు. అంటే కాకా ఓడినట్టే!

అప్పటికి తొమ్మిదయింది. చాయ్ పెట్టుకున్నాం. అసలు గొడవ చాయ్ తర్వాత మొదలైంది.

మూడో పంచాయితీ: ఆ దుకాణంలో ఏం చేయాలి?

సినిమా ఆఖరు ఇలా ఉంటుంది. పీటర్ పార్కర్ తెలిసినవాళ్ళంతా అన్ని లోకాల నుంచీ వచ్చి పడబోతుంటారు. ఆపడానికి ఒక్కటే దారి. పీటర్ పార్కర్ అనే మనిషిని అందరూ మర్చిపోవాలి. ఈసారి ఎవరికీ మినహాయింపు లేదు. ఆ మంత్రం వెయ్యమని పీటరే అడుగుతాడు. వీడ్కోలు చెప్పేటప్పుడు ఎంజేకి మాటిస్తాడు, నేను వచ్చి నిన్ను కలుస్తాను, అంతా గుర్తుచేస్తాను అని.

వస్తాడు కూడా. ఆమె పనిచేసే కాఫీ దుకాణానికి, చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుని మరీ వస్తాడు. ఆమెకు ఇతనెవరో తెలియదు. నెడ్‌కీ తెలియదు. ఇద్దరికీ పోయిన కాలేజీ సీటు మళ్ళీ వచ్చిందని తెలుస్తుంది. ఎంజే నుదుటి మీద పోరులో తగిలిన దెబ్బకు వేసిన పట్టీ కనబడుతుంది. అంతే... కాగితం జేబులోనే ఉండిపోతుంది. కాఫీ తీసుకుని బయటికొచ్చేస్తాడు. చివర్లో చిన్న అద్దెగది, ఒక కుట్టుమిషన్, తనే కుట్టుకున్న కొత్త దుస్తులు, బయట మంచు. పేరు చెబితే గుర్తుపట్టే మనిషి ఊళ్ళో ఒక్కరూ లేరు.

చెప్పకుండా రావడం ఒప్పా, తప్పా?

“ఒప్పే!” అన్నాడు సిరిసిల్ల తమ్ముడు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా. “మనిషంటే అట్లుండాలె. తన కష్టం తనే మింగాలె. ఆ పిల్ల మంచిగ చదువుకుంటది, బతుకుతది. చెప్పి ఏం లాభం? ఆమె కూడ ఏడ్వాలె, గంతే కదా.”

“ఆయ్, మరి మాటిచ్చాడు కదండీ!” అన్నాడు కోనసీమ కుర్రాడు. “మొదట్లో ఈ ముగ్గురికీ తెలిసుండాలని గోల పెట్టినవాడే కదండీ. ఇప్పుడేమో వాళ్ళకే తెలియకూడదంటున్నాడు. పోనీ ఆమెని అడిగాడా? ఆమె వద్దందా? ఆమె బతుకు గురించి ఈయనొక్కడే తేల్చేశాడండీ!”

కడప అన్న తమ్ముడి పక్షం చేరాడు. “చూడప్పా, మొన్ననే పిన్ని పోయింది. తనతో ఉన్నందుకే పోయిందనుకుంటాండాడు. ఆ పిల్ల నుదుటి మీద పట్టీ చూస్తే ఎవురికైనా నోరు పెగుల్తాదా?”

ఇదీ కాదనలేని మాటే. పట్టీ చూసినప్పుడు ఆ కుర్రాడి ముఖం చూసినవాళ్ళెవరూ వాడిని తిట్టలేరు.

కోనసీమ కుర్రాడు ఊరుకోలేదు. 2004 నాటి రెండో ‘స్పైడర్‌మ్యాన్’ బయటికి తీశాడు. టోబీ మగ్వైర్ చేసిన ఆ పీటర్ మన లెక్కలో అచ్చమైన పేదవాడు. పిజ్జాలు మోసే పని ఆలస్యమైందని ఊడిపోతుంది. గది అద్దె బాకీ. పిన్ని ఇల్లు బ్యాంకువాళ్ళ పాలవుతుంది. మనసులో ఇంకో బరువు కూడా ఉంది. తను పట్టుకోకుండా వదిలేసిన దొంగే బాబాయిని చంపాడు. ఆ సంగతి పిన్నికి చెప్పలేదు. రెండేళ్ళు మోశాక ఒకరోజు వంటింటి బల్ల దగ్గర కూర్చుని చెప్పేస్తాడు. ఆమె మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతుంది. ఇక అయిపోయిందనుకుంటాం. కొన్నాళ్ళకు ఆమే దగ్గరికి తీసుకుని, నిజం చెప్పడానికి ధైర్యం కావాలి నాయనా అన్న అర్థం వచ్చేలా మాట్లాడుతుంది.

ఆ సినిమాలోనే మేరీ జేన్‌ని కూడా పీటర్ దూరం పెడతాడు, నాతో ఉంటే నీకు ప్రమాదమని. ఆఖర్లో ఆమె పెళ్ళిపీటల దాకా వెళ్ళి, అది వదిలేసి అతని గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. ఆమె అడిగేదొక్కటే. ప్రమాదముందని నాకూ తెలుసు, దాన్ని మొయ్యాలా వద్దా అన్నది నన్ను తేల్చుకోనివ్వవా?

“అదండీ నేను చెప్పేది,” అన్నాడు కుర్రాడు.

కాకా చెప్పిన కర్ణుడి మాట

అంతసేపూ చాయ్ తాగుతూ కూర్చున్న కాకా గ్లాసు కింద పెట్టాడు. చిన్నప్పుడు ఊళ్ళో భాగవతం ఆడిన మనిషి. ఎన్టీఆర్ ‘సూపర్ మేన్’ని 1980లో టాకీసులో చూశానని ఇప్పటికీ చెబుతాడు.

“మీ ఇంగ్లీషు కథ నాకు ఎరుకలేదు గని, ఇది కర్ణుని ముచ్చట కాదా? యుద్ధానికి ముందుగాల కుంతి కర్ణునికి చెప్పింది, నువ్వు నా కొడుకువని. ధర్మరాజుకు చెప్పలే. కృష్ణునికి తెల్సు. ఆయన చెప్పలే. ఎందుకు? కర్ణుడే చెప్పొద్దన్నడు. ధర్మరాజుకు తెలిస్తే రాజ్యం నా చేతుల పెడ్తడు, నేను దుర్యోధనునికి ఇస్త, గందుకని ఆయనకు చెప్పకు అన్నడు. మంచి మనసుతోనే దాసిండు. ఏమైంది? తమ్ముడే అన్నను చంపిండు. యుద్ధమంత అయినంక, తర్పణాలు ఇడిశేటప్పుడు కుంతి చెప్పింది. ధర్మరాజు ఎంత ఏడ్సిండు! ముందే తెలిస్తే ఈ యుద్ధమే చెయ్యకపోదును అని.”

గది నిశ్శబ్దమైపోయింది. ఆడవాళ్ళ నోట నువ్వుగింజ నానదని మనవాళ్ళు సామెత చెబుతారే, అది ఆ రోజు తల్లి మీద కోపంతో ధర్మరాజు పెట్టిన శాపం నుంచి వచ్చిందంటారు. కాకా ఆ సంగతీ చెప్పి నవ్వాడు. మళ్ళీ నవ్వు ఆపి అన్నాడు.

“దాసినోడు దొంగ కాదు. మంచోడే. గని తెల్వనోడు లెక్క తప్పుతడు. ధర్మరాజు లెక్క గట్లనే తప్పిండు.”

సినిమా గదిలోకి వచ్చింది

ఆ మాటకు సిరిసిల్ల తమ్ముడు లేచి బయటికెళ్ళాడు. వరండాలో సిగరెట్ తాగుతున్నాడేమో అనుకున్నాం. తమ్ముడికి సిగరెట్ అలవాటే లేదని తర్వాత గుర్తొచ్చింది.

ఇప్పుడు మేం ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. తమ్ముడి విషయం మాకందరికీ తెలుసు. ఐదు నెలలుగా వాళ్ళ సైటులో ఓవర్‌టైం లేదు. అంతకుముందు ఓటీతో కలిపి 1,700 రియాళ్ళు చేతికొచ్చేవి. 1,200 ఇంటికి పంపి, 500 తన ఖర్చుకు ఉంచుకునేవాడు. ఓటీ ఆగాక వచ్చేది 1,000. ఇంటికి మాత్రం 1,200 తప్పకుండా పోతోంది. ఎక్కణ్ణుంచి? నెలకు 500 మా దగ్గరే చేబదులు తీసుకుంటున్నాడు. తన ఖర్చు 300కి తగ్గించాడు. మొత్తం 2,500 రియాళ్ళ బాకీ.

ఇంట్లో ఎవరికీ తెలియదు. “పని మంచిగున్నది” అనే చెబుతాడు. తండ్రి ఆ 1,200 నమ్ముకుని చెల్లెలికి సంబంధం ఖాయం చేశాడు. మోటారు సైకిలు ఇస్తానని ఒప్పుకున్నాడు. ఇంటికి స్లాబు వెయ్యడానికి వడ్డీకి తెచ్చాడు. కొడుకు పంపుతూనే ఉన్నాడు కదా, తీరుతుందిలే అని ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పు ఆయనది కాదు. ఆయన చేతికి ఇచ్చిన అంకే తప్పు.

అప్పిచ్చిన మేమూ ఆ దాపరికంలో భాగస్వాములమే. తమ్ముడికి సాయం చేస్తున్నామనుకున్నాం. నిజానికి ఊళ్ళో ఆ పెద్దాయన అప్పు పెరగడానికి మేమూ తలో చెయ్యి వేశాం.

అసలు మాలో దాచనివాడెవడు? కాకాకు షుగరుందని కాకమ్మకు తెలియదు. కడప అన్నకు నిరుడు చేతికి ఏడు కుట్లు పడితే, నెలరోజులు వీడియో కాల్‌లో ఆ చెయ్యి కనిపించకుండా మాట్లాడాడు. కోనసీమ కుర్రాడు ఇంత వాదించాడా, గదిలో ఆరుగురం ఉంటామని వాళ్ళమ్మకు చెప్పలేదు. ఇద్దరమే అని చెప్పాడు. ఈ రాస్తున్న మేమూ తక్కువేం కాదు. ఎండలో పని చేస్తూ ఏసీ ఆఫీసులో ఉన్నామని ఏడాదిపాటు ఇంట్లో నమ్మించాం.

ఎందుకు దాస్తామో మనకందరికీ తెలుసు. వాళ్ళు దూరాన ఉండి ఏం చేయగలరు, ఊరికే బెంగపడతారు తప్ప! ఆ మాటలో ప్రేమ ఉంది. ఆ దుకాణంలో పీటర్ జేబులోనే కాగితం ఉంచుకున్నదీ ఆ ప్రేమతోనే.

కానీ ఏమీ చేయలేరన్నది నిజమేనా? జీతం ఆగితే, యజమాని ఇబ్బంది పెడితే, భారత ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన ‘మదద్’లో మన తరఫున ఇంట్లోవాళ్ళే ఫిర్యాదు నమోదు చేయొచ్చు. తెలిస్తే కదా చేసేది! ఇమిగ్రేషన్ క్లియరెన్సుతో వచ్చిన మనలాంటివాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షల రూపాయల దాకా వస్తుంది. ఆ కాగితం ఉందని, గడువు ఎప్పటిదాకానో ఇంట్లో తెలియకపోతే ఎవరడుగుతారు? షుగరు సంగతి కాకమ్మకు తెలిస్తే కాకాకు పంపే పచ్చడి డబ్బాలో ఉప్పు, పార్శిల్లో మిఠాయి తగ్గించదా? ఓటీ లేదని తండ్రికి తెలిస్తే స్లాబు ఒక ఏడాది ఆపుకోడా?

అన్నీ చెప్పాలని మేం అనడం లేదు. ఎండ ఎంతుందో, నల్లులు ఎట్లా కుట్టాయో రోజూ చెప్పి అమ్మను ఏడిపించనక్కర్లేదు. మా గది తేల్చుకున్నది ఒక్కటే. మనం దాచిన మాట మీద ఆధారపడి ఇంట్లోవాళ్ళు ఏదైనా నిర్ణయం చేస్తున్నారంటే, అప్పు తెచ్చినా, పెళ్ళి పెట్టుకున్నా, ఇల్లు కట్టినా, ఆ మాట ఇక మనది కాదు. వాళ్ళది. దాన్ని జేబులో పెట్టుకు తిరిగే హక్కు మనకు లేదు.

మరి పీటర్ సంగతి? మా తీర్పు మూడు మూడుగా చీలింది. కడప అన్న ఇప్పటికీ ఒప్పే అంటాడు. ఆ రోజు చెప్పలేకపోవడం తప్పు కాదు, ఇంకెప్పటికీ చెప్పకపోతే తప్పు అంటాడు కాకా. మాకు కాకా మాటే నచ్చింది. కాగితం చింపలేదు కదా, జేబులోనే ఉంది!

పదిన్నరయింది. ఊళ్ళో ఒంటిగంట. నీళ్ళ క్యాన్ నింపుకుందామని బయటికి వెళితే మెట్ల మీద సిరిసిల్ల తమ్ముడు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఇంత రాత్రి ఫోన్ మోగితే ఇంట్లో హడలిపోతారు కదా, రేపు చెయ్యరాదా అన్నాం.

“రేపైతే మల్ల చెప్పన్నా,” అన్నాడు.

రింగు పోతున్నట్టుంది. మేం క్యాన్ అక్కడే పెట్టి గదిలోకి వచ్చేశాం. ఏం చెప్పాడో, అవతల తండ్రి ఏమన్నాడో మేం అడగలేదు. పావుగంట తర్వాత తమ్ముడే ఆ క్యాన్ నింపుకుని లోపలికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు.

కాసేపటికి దుప్పట్లోంచే అన్నాడు. “కాకా... బాపు తిట్టిండు.”

“తిడ్తడు మరి,” అన్నాడు కాకా. “ఇంకేమన్నడు?”

“తిన్నవా అన్నడు.”

ఎవరం ఏమీ అనలేదు. కోనసీమ కుర్రాడు లేచి లైటు ఆర్పాడు. పొద్దున నాలుగింటికి బస్సు.